మిద్దె మీద టంకం పని

వేలూరు,
ఆదివారం.

నాకు అక్షరాలు దిద్దించిన మా తాతకు, మనవరాలు నందిత మొక్కి రాసేది:

ఇక్కడ నేను బాగున్నాను. హాస్టల్ ఇడ్లీ కూడా బాగుంది, మీ పనిలో ఇటుక తక్కువైతే చెప్పు, పంపుతాను. ఎండ సంగతి నీకు చెప్పేదేముంది, వేలూరు వేలూరే.

సెలవుల్లో నాకు తెలుగు రాయడం నేర్పి ఒక షరతు పెట్టినావు కదా: "మాట్లాడే తెలుగు నోట్లోనే ఉంటాది, రాస్తేనే చేతికొస్తాది. నాకు జాబు రాయి. ఫోను జ్వరానికీ చావుకూ మాత్రమే" అని. అందుకే ఫోన్లో తిట్టాల్సింది కూర్చుని జాబులో తిడుతున్నాను. తిట్లు రాయడం ఎంత కష్టమో ఇప్పుడే తెలిసింది. ఒక్కో తిట్టుకు మంచి మాట వెతికేలోపు కోపం తగ్గిపోతోంది.

జయరామన్ చిన్నాయన ఇంటి పైమిద్దె సెంట్రింగ్ చెక్కలు చూడబోయి నిచ్చెన మీంచి జారినావంట. ఎడమ మోకాలు వాచిందంట. వచ్చే వారం కాంక్రీటు పోస్తారు. ఆ తర్వాత మిద్దె గట్టిపడేదాకా దాని మీద పరిచిన గోనెపట్టలు ఆరకుండా చూసుకోవాలి. తడి ఉందా లేదా అని నువ్వు పూటపూటకూ నిచ్చెన ఎక్కుతావు. నాకు తెలుసు.

కాబట్టి నీకొక యంత్రం చేస్తున్నాను. ఈ ఏడు మా కాలేజీలో ఎవరికి వారు చేత్తో ఏదో ఒకటి చేసి చూపించాలి. నాది ఇదే. మిద్దె మీద గోనెలో రెండు మేకులు గుచ్చుతాము. వాటి తీగలు కింద వసారాలో ఉన్న పెట్టెలోకి వస్తాయి. గోనె తడిగా ఉన్నంతసేపు పెట్టె మాట్లాడదు. ఆరిపోతే కీమని అరుస్తుంది. అది అరిచేదాకా నువ్వు నిచ్చెన ముట్టకూడదు. అరిచినా ఎక్కాల్సింది చిన్నాయన.

నీ పాదాలకూ, ముఖ్యంగా ఆ ఎడమ మోకాలికీ దండాలతో,
నందిత

తా.క. అవ్వను కోప్పడద్దు. ఆమె నాకేమీ చెప్పలేదు. "నేనేమీ చెప్పనమ్మా, నేనేమీ చెప్పను" అని అంటూనే ఉంది, దాంతో నాకు అంతా అర్థమైపోయింది.

*

గుడియాత్తం,
బుధవారం.

చిరంజీవి నందితమ్మను ఆదిమూలం మేస్త్రీ దీవించి రాసిన జాబు:

నీ జాబు చేరినాది. అక్షరాలు ఇంకా మట్టానికి రాలేదు గానీ గోడ నిలబడినాది. సంతోషం.

నేను జారలేదు. నిచ్చెన జారినాది. నేను దాని మింద ఉన్నాను గాబట్టి దానితో కూడా కిందికి వచ్చినాను. ఇందులో నా తప్పు యాడుండాది?

ఇంకొక మాట. మేస్త్రీ అనేవాడు పైన ఉండాల. కింద కుర్చీ వేసుకుని కూచున్న మేస్త్రీని జనం వాచ్‌మన్ అంటారు. మన సుబ్బరాయులు మేస్త్రీ ఉండాడే, నాతో పోటీ పడి పడి జుట్టు నెరిసినోడు, వాడు టీ అంగడి కాడ అందరూ వినేటట్టు "అన్నా, శానా కట్టినావు, ఇంక కింద కూచ్చో అన్నా" అంటాడు. ఓదార్చినట్టే ఉంటాది, గుచ్చినట్టే ఉంటాది. వాని ముందర నేను కింద కూచుంటానా?

అయినా మనమరాలు చేత్తో ఏదో కడతా ఉండాదంటే నేను వద్దనే మనిషిని కాను. దేంతో కడతావు? ఎట్ల కడతావు? ముందు ప్లాను పంపు. ప్లాను లేకుండా మన ఇంట్లో కోళ్ళగూడు గూడా లేచింది లేదు.

ఇట్లు, కింద కూచోని తాత,
ఆదిమూలం

తా.క. మీ అవ్వను నేను కోప్పడలేదు. ఆమే నన్ను కోప్పడినాది.

*

వేలూరు,
శనివారం.

కింద కూర్చోని తాతకు, కూర్చుని కూర్చుని నడుము పట్టేసిన మనవరాలి నమస్కారాలు:

ప్లాను ఈ జాబుతోనే పెట్టినాను, రంగు పెన్సిళ్ళతో గీసి. దాన్ని చూస్తూ ఇది చదువు.

అరచేయంత పలక ఒకటి. దాని నిండా చీమ తల దూరేంత రంధ్రాలు, గళ్ళ నోటుబుక్కులో గళ్ళలాగా వరుసగా. పలక వెనక ప్రతి రంధ్రానికీ ఒక రాగి ఉంగరం. భాగాల కాళ్ళను పైనుంచి రంధ్రాల్లో దూర్చి, పలకను బోర్లించి, కాలూ ఉంగరమూ కలిసిపోయేలా సీసం కరిగించి అతకాలి. ఒక అతుకు పక్క అతుకును ముట్టుకుందా, కరెంటు దారి తప్పుతుంది.

మొదటి రోజు నా అతుకులన్నీ కాకి రెట్టలే. మా గదిలో ఉండే మోనిష చూసి "ఏ కాకి?" అని అడిగింది. కాల్చుకున్న వేలికి పేస్టు పూసుకుని మళ్ళీ కూర్చున్నాను.

తప్పు ఎక్కడంటే, నేను సీసాన్ని వేడి ఇనుముకు తాకించి, ఆ కరిగిన బొట్టును తెచ్చి పూస్తున్నాను. అట్లా కాదంట. ఇనుముతో కాలునూ ఉంగరాన్నీ ముందు వేడి చేయాలి. సీసాన్ని వాటికి ఇవ్వాలి, ఇనుముకు కాదు. అప్పుడు అది తనంతట తానే పాకుతుంది తాతా! కాలి చుట్టూ తిరిగి, చిన్న గుట్టలాగా కూర్చుని, ఒక్క క్షణం అద్దంలా మెరిసి, ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం చూడాలి నువ్వు. దానికి సరైన మాట కోసం చాలాసేపు వెతికినాను. "అతుక్కుంది" అంటే చాలలేదు. "గట్టిపడింది" అంటే మొరటుగా ఉంది. చివరికి "కుదురుకుంది" అని రాసి చూసుకున్నాను. బాగుందా?

నిన్న ఒక వరుస మొత్తం కుదురుకుంది.

ఒక కంట నిద్ర, ఒక కంట సీసంతో,
నందిత

తా.క. కరిగేటప్పుడు సన్నగా పొగ లేస్తుంది. మోనిష అమ్మ ఫోన్ చేసి "ఏమే, గదిలో సాంబ్రాణి వేసుకున్నారా, మంచి పిల్లలు" అనింది. వీడియోలో పొగ చూసి. మేము ఊరికే తలూపినాము.

*

గుడియాత్తం,
మంగళవారం.

కుదురైన మనమరాలికి తాత ఆశీస్సులు:

"కుదురుకుంది" మంచి మాట. సున్నం గూడా అట్లే కుదురుకుంటాది, తల్లీ. నేను ఇన్నేండ్లు చూస్తినే గానీ ఆ మాట పెట్టలేదు. నువ్వు చూడనే లేదు, పెట్టినావు. జాబును మీ అవ్వకు రెండు తూర్లు చదివి వినిపించినాను.

అయితే నువ్వు అతకడం అతకడం అంటా ఉండావే, ఆ పనికి మన భాషలో ముందే పేరుండాది. టంకం. గొలుసు తెగితే కంసాలి పెట్టేది టంకమే. వాడుకో.

ఇప్పుడు ప్లాను సంగతి. గోడకు అంటించి దూరం నుంచి చూసినాను, కండ్లద్దాలతో దగ్గర నుంచి చూసినాను. గీత బాగుండాది. గదులు పొందికగా ఉండాయి. కానీ తల్లీ, బ్యాటరీ అంటే అగ్ని. దాన్ని తీసుకుపొయ్యి ఈశాన్యంలో పెట్టినావే! గోనె కాడినుంచి వచ్చే నీళ్ళ తీగలేమో నైరుతిలో దిగినాయి. ఈశాన్యంలో నిప్పు, నైరుతిలో నీళ్ళు. ఆ ఇంట్లో ఎవురు కాపురముంటారు? అగ్ని ఆగ్నేయానికి పోవాల. మార్చు.

కాంక్రీటు పోయడం ఆదివారం బాగా జరిగినాది. అందరికీ ఆంబూరు బిర్యాని తెప్పించినాడు మీ చిన్నాయన. గోనెలు పరిచినాము. నేను రోజూ పైకెక్కి చూస్తా ఉండాను. అదేమి, నీ యంత్రం రానీ, అప్పుడు మాట్లాడుదాం.

వాస్తు తెలిసిన తాత,
ఆదిమూలం

తా.క. ఆ ప్లానులో రంగు గీతల సన్న గొట్టాలు ఏమి? అవ్వ చూసి, "గాజులు తొడిగిన పసిబిడ్డ చేతులమాదిరి ఉండాయి" అని కాగితానికి ముద్దు పెట్టినాది. ఎరుపు నీ పెన్సిలుదా, ఆమె తాంబూలందా అని ఇప్పుడు తెలియడం లేదు.

*

వేలూరు,
గురువారం.

టంకం అనే మాట ఇచ్చిన తాతకు, దాన్ని రోజంతా నోట్లో నానబెట్టుకున్న నందిత దండాలు:

టంకం! తాతా, ఈ మాట పలికితేనే లోహం మీద లోహం తగిలినట్టు ఉంది. బస్సులో పలికినాను, పక్కామె జరిగి కూర్చుంది.

కానీ బోర్డుకు దిక్కులు ఉండవు. పలకను ఒక్క మలుపు తిప్పితే నీ ఈశాన్యమే ఆగ్నేయమైపోతుంది. పైగా టంకాలన్నీ పెట్టేసినాను, ఇప్పుడు మార్చలేను. అదే ప్లాను, అదే బ్యాటరీ మూల. మన్నించు.

నిన్న ల్యాబులో తడిగుడ్డ పెడితే నోరు మూసుకుంది, ఎండబెడితే కీమంది. మా మేడం పలకను తిప్పి టంకాల వైపు చాలాసేపు చూసి, "ఇంత ఓపిక ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అని అడిగింది. "మా తాత దగ్గర" అన్నాను. "ఎలక్ట్రీషియనా?" అంది. "కాదు మేడం, మేస్త్రీ" అన్నాను. మార్కులు మాత్రం ఇప్పుడే వెయ్యదంట. మీ ఊళ్ళో పనిచేసినాక చెప్పు, అప్పుడు చూస్తాను అంది.

చిన్నాయన టైల్సు చూడడానికి వేలూరు వచ్చినాడు కదా, ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. మేకులు గోనెలో గుచ్చడం ఆయన పని. పెట్టె మాత్రం కింద వసారాలో, నీ కుర్చీ పక్కన. బస్సు కుదుపులకు ఏదీ దేనికీ తగలకూడదని బ్యాటరీని వేరే కాగితంలో చుట్టినాను. అది పెడితేనే యంత్రానికి ప్రాణం. తప్పకుండా పెట్టు.

ఇంక నిచ్చెన చిన్నాయనది, కుర్చీ నీది.

టంకంతో,
నందిత

తా.క. అవ్వ ముద్దు పెట్టిన ఆ గొట్టాలు కరెంటును అదుపులో పెట్టేవి. ఎన్ని టంకాలు పెట్టినానో లెక్కపెట్టలేదు. దిష్టి తగులుతుందని అవ్వ అంటుందని.

*

గుడియాత్తం,
ఆదివారం.

బంగారు చేతుల మనమరాలికి తాత రాసేది:

పెట్టె చేరినాది. తెరిచినాను. కండ్లద్దాలు పెట్టుకుని పలకను వెనక్కి తిప్పినాను.

నేను కట్టిన గోడల్లో మంచివీ ఉండాయి, నువ్వు చూడని చెడ్డవీ ఉండాయి. ఇట్లాంటిది లేదు. తుమ్మముల్లు మొనంత చోట ఒక గుట్ట. దాని పక్కన దానంతే ఇంకొకటి. ఒకటి పెద్దది లేదు, ఒకటి చిన్నది లేదు. దారం పట్టి చూసినాను, వరుస తప్పలేదు. నా దగ్గర ఇరవై ఏండ్లు పనిచేసినోళ్ళకు గూడా ఈ వరుస రాలేదు.

సుబ్బరాయులును పిలిపించి చేతికిచ్చినాను. వాడు తిప్పి తిప్పి చూసినాడు. తప్పు దొరుకుతాదేమో అని చూసినాడు. కడాన "లైను బాగుండాది" అన్నాడు. నా గోడ చూసి వాడు ఏనాడూ ఆ మాట అనలేదు నందితా. ఏనాడూ.

అగ్నిమూల దోషం నేనే సరిచేసినాను. బ్యాటరీ పెట్టినాను. నువ్వు దిగులు పడద్దు.

పని ఇంకా పచ్చిది గాబట్టి తడిగోనెలో చుట్టి పూటకొక తూరి నీళ్ళు పడతా ఉండాను. ఏ పనికైనా వారం తడి ఉండాల. అంతవరకూ మిద్దె సంగతి నేనే ఎక్కి చూసుకుంటాను.

ఇట్లు, నీ పనికి నీళ్ళు పట్టే భాగ్యం దొరికిన తాత,
ఆదిమూలం

తా.క. మోకాలు నొప్పి లేదు. ఎక్కేటప్పుడు లేదు. దిగేటప్పుడే.

*

వేలూరు,
మంగళవారం. బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేది.

తాతా!

దండాలు తర్వాత. ముందు దాన్ని నీళ్ళలోనుంచి తీయి!

నీ జాబు చదివి ఫోన్ చేసినాను. అవ్వ ఎత్తి "జ్వరమా?" అంది. కాదన్నాను. "ఎవురన్నా పోయినారా?" అంది. లేదన్నాను. "అయితే జాబు రాయి" అని పెట్టేసింది. ఈ ఇంట్లో షరతు అంటే షరతే!

టంకం సిమెంటు కాదు తాతా. దానికి నీళ్ళు పట్టకూడదు. అది రెండు క్షణాల్లో గట్టిపడిపోతుంది. నా కళ్ళముందే కుదురుకుంది అని రాసినాను కదా. తడవాల్సింది మిద్దె మీది గోనె. యంత్రం తడవకూడదు. దాన్ని తీసి ఎండలో బాగా ఆరబెట్టు. ఆ తర్వాత నిచ్చెన దిగు. కాదు, ముందు నిచ్చెన దిగు, ఆ తర్వాత ఆరబెట్టు.

మోగిందా? ఒక్కసారైనా మోగిందా? అది రాయి.

బస్సు వెంట పరిగెత్తుతూ,
నందిత

తా.క. ఎక్కేటప్పుడు లేని నొప్పి దిగేటప్పుడు ఉంటే, దాన్ని నొప్పి అనే అంటారు.

*

గుడియాత్తం,
శుక్రవారం.

పరిగెత్తే మనమరాలికి తొణకని తాత రాసేది:

తీసినాను. ఆరబెట్టినాను. మన ఎండకు అరగంటలో అప్పడమైనాది.

రెండు క్షణాల్లో గట్టిపడే పని యాడన్నా నిలుస్తాదా అని సుబ్బరాయులు అడిగినాడు. నాకూ అదే అనుమానం. కానీ వాని ముందర "నా మనమరాలు చెప్పినాది, నిలుస్తాది" అన్నాను. ఇప్పుడు నిలబెట్టే పూచీ నీది.

కింద వసారాలో పెట్టమన్నావు. వసారాలో మనం పెట్టేది చెప్పులు. మంచి పని ఎత్తున ఉండాల, నలుగురూ చూడాల. అందుకని పాత దేవుని పటం ఫ్రేము ఒకటి ఖాళీగా ఉంటే, నీ యంత్రాన్ని అందులో పెట్టి, అద్దం బిగించి, మిద్దె మింద కొత్తగా లేపిన పిట్టగోడకు తగిలించి, మేకులు గోనెలో గుచ్చినాము. పైవైపు కాదు, టంకాలు కనపడే వైపు. గోడ మంచిదా కాదా అనేది పూతలో తెలియదు, పూత కింద తెలుస్తాది.

ఇంక జనం చూడు! లుంగీలు నేసే పాపన్ వచ్చినాడు. వరుస చూసి "మగ్గం మింద గూడా ఇంత నేరుగా రాదప్పా" అన్నాడు. పాలామె వచ్చినాది. పళ్ళికొండ కాడ హైవే మింద లారీ ఆపి ఒక డ్రైవరు, ఎవురో చెప్పినారంట, పనిగట్టుకుని వచ్చినాడు. పొద్దున నుంచి నిచ్చెన ఖాళీ లేదు.

మిద్దె యజమాని మీ చిన్నాయన. మిద్దెకు పేరు నీది.

ఇట్లు, ఎత్తున నిలిచిన పని చూసి మురిసే తాత,
ఆదిమూలం

తా.క. మోగిందా అని అడిగినావు. ఒక్క తూరి గూడా మోగలేదు. ఎంత వినయం!

*

వేలూరు,
సోమవారం.

తాతకు,

ఈసారి మంచి మాటల కోసం వెతకను.

నువ్వు నిచ్చెన ఎక్కకూడదని ఆ యంత్రం చేసినాను. నువ్వు దాన్ని నిచ్చెన పైన పెట్టినావు! ఇప్పుడు తడి చూడడానికి కాదు, దాన్ని చూపించడానికి ఎక్కుతున్నావు. వచ్చే ప్రతి మనిషితో ఒకసారి. నేను నీకు కుర్చీ చేయబోయి ఇంకొక నిచ్చెన చేసినాను.

ఒక్కసారి కూడా మోగలేదంటే వినయం కాదు తాతా. ఈ ఎండకు గోనె ఆరకుండా ఎట్లా ఉంటుంది? ఆరినా మోగలేదంటే యంత్రం చచ్చిపోయినట్టే. ఏదో ఒక టంకం లోపల వదిలేసి ఉంటుంది. పైకి మెరుస్తూ లోపల పట్టుకోని టంకం ఉంటుందని మేడం ముందే చెప్పింది. మిద్దె కూడా ఆరి, పగిలి ఉంటుంది. అందరూ పొగిడిన ఆ వరుసలో నాది ఏదో ఒకటి అబద్ధం. మార్కులు పోతే పోనీ. నీ మోకాలు పోతే నేనేం చేసేది?

శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. వచ్చి ముందు నిచ్చెన దాచేస్తాను.

నందిత

తా.క. కోపంగానే ఉన్నాను. కానీ "అరగంటలో అప్పడమైనాది" అన్న మాట చదివి నవ్వినాను. అది లెక్కలోకి రాదు.

*

గుడియాత్తం,
గురువారం.

కోపంలో గూడా అక్షరం మట్టం తప్పని మనమరాలికి, కింద కూచున్న తాత దీవెనలు:

పైన రాసింది మళ్ళా చదువు. కింద కూచున్న తాత.

ఆ ఫ్రేము తగిలించింది మీ చిన్నాయన. అది పైకెక్కిన దినం నుంచి నేను నిచ్చెన మెట్టు మింద కాలు పెట్టలేదు, మీ అవ్వ మింద ఆన. జనం వస్తారు, నేను నిచ్చెన కాడ కుర్చీలో ఉంటాను. "యాడుండాది అన్నా?" అంటారు. "పైన" అంటాను. "అయితే చూసొస్తాం" అంటారు. "ఊరికే పోవద్దు, మా మనమరాలి పని అది, ఒట్టి చేతులతో చూడకూడదు" అంటాను. పక్కన బిందె ఉంటాది. చూడబొయ్యే ప్రతి మనిషీ ఒక బిందె నీళ్ళు మోసుకుపొయ్యి గోనెల మింద పోసి రావాల. పాపన్ పోసినాడు. పాలామె పోసినాది. లారీ డ్రైవరు రెండు బిందెలు పోసినాడు, పాపం, దూరం నుంచి వచ్చినోడని ఇంకొకటి ఇచ్చినాను.

సుబ్బరాయులు పొద్దునా సాయంత్రమూ వస్తాడు. ఇంకా తప్పు వెతకతా ఉండాడు. వెతకనీ, రెండు బిందెలు.

మరి గోనె యాడ ఆరుతాది? ఆరందే యంత్రం ఎట్ల మోగుతాది? మోగలేదంటే నీ టంకంలో లోపం కాదు తల్లీ, మా నీళ్ళలో లోపం లేదు. నిన్న మీ చిన్నాయన మిద్దెను తట్టి చూసినాడు, కంచు మోగినట్టు మోగినాది. వెంట్రుకంత చీలిక లేదు. గుడియాత్తంలో ఇంత తడి తాగిన మిద్దె ఇంకొకటి లేదని సుబ్బరాయులే టీ అంగడిలో అన్నాడంట.

ఇంకొకటి. నేను కింద కూచుంటే నన్ను వాచ్‌మన్ అంటారని భయపడితిని. ఎవురూ అనలేదు. "పైనుండేది నందిత పని, కిందుండేది దాని మేస్త్రీ" అంటా ఉండారు. ఇన్నేండ్లలో నాకు నచ్చిన ఉద్యోగం ఇదే. కుర్చీ బాగుండాది. మోకాలు కుదురుకుంది.

శనివారం రా. మీ మేడంకు చెప్పు, యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తా ఉండాదని. నిచ్చెన దాచద్దు, జనం వస్తా ఉండారు. నువ్వూ పైకి పొయ్యి చూసుకో, బిందె నిచ్చెన కాడే ఉంటాది.

ఇట్లు, నీ పనికి మేస్త్రీ,
ఆదిమూలం

తా.క. ఒక సంగతి చెప్పడం మరిచినాను. ఇదంతా నేను అగ్నిమూల సరిచేసినందువల్లే. నువ్వు వేరే కాగితంలో చుట్టి పంపిన ఆ చదరపు బ్యాటరీని, తప్పకుండా పెట్టమన్నావే, వచ్చిన దినమే పెట్టినాను. ఇంటికి ఆగ్నేయం, వంటింట్లో ఉప్పుజాడీ పక్కన. కాగితం గూడా విప్పలేదు, భద్రంగా ఉండాది.